వేడెక్కిన తర్వాతే మూడో సిలిండర్ మిస్సింగ్: 2008 నాటి పెట్రోల్ కారు, తిరుమల ఘాట్

స్వర్ణముఖి, తిరుచానూరు

సభ్యులందరికీ నమస్కారం. నా కారు 2008 నాటి పెట్రోల్ మోడల్. 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ఒకే కాయిల్ ప్యాక్ (ప్లగ్గులకు వేల వోల్టుల కరెంటు పంపే పెట్టె), దాని నుంచి నాలుగు ప్లగ్ వైర్లు. చిత్తూరులో ఒక కుటుంబం దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. మీటరు లక్షా పదివేల కిలోమీటర్లు దాటింది.

ఉదయం చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసినప్పుడు ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చిన తర్వాత లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గరో, అలిపిరి తనిఖీ వరుసలోనో ఆగితే స్టీరింగు, సీటు ఒకే లయలో అదరడం మొదలవుతుంది. తిరుమలకు ఎక్కే రెండో ఘాట్ రోడ్డులో మూడో గేరులో తక్కువ వేగంతో లాగుతున్నప్పుడు కుదుపులు వస్తాయి, చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. రేసు పెంచి 2,500 ఆర్‌పీఎం దాటిస్తే చాలావరకు సర్దుకుంటుంది. స్కానర్‌లో పీ0300, పీ0303 అనే రెండు కోడ్లు కనిపించాయి.

గ్యారేజీలో నాలుగు ప్లగ్గులూ, ఎయిర్ ఫిల్టరూ మార్చారు. తేడా రాలేదు. ఇప్పుడు కాయిల్ ప్యాక్ మార్చుదామని, దానితోనూ పోకపోతే ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) చూడాలని అంటున్నారు. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి బిగువు) చూశామని, బాగానే ఉందని కూడా చెప్పారు. ఒక్కొక్క భాగం కొని వేసి చూడటం కాకుండా, ఏది చెడిందో ముందే తేల్చుకొనే దారి ఉంటే దయచేసి వరుసగా చెప్పండి. మామూలు పనిముట్లు నా దగ్గర ఉన్నాయి, ప్లగ్గులు విప్పి బిగించడం వచ్చు.

పాత_ఆటోనగర్, తిరుపతి

ముందుగా ఒక జాగ్రత్త చెప్పాలి. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలగడం వేరు, వెలిగి ఆరుతూ ఉండటం వేరు. రెండోది వస్తోందంటే సిలిండర్‌లో మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతోందని, అది కరిగిపోయేంత వేడెక్కే ప్రమాదం ఉందని అర్థం. కన్వర్టర్ పోతే ఈ మొత్తం మరమ్మతు కంటే అదే పెద్ద ఖర్చవుతుంది. కాబట్టి సంగతి తేలేదాకా కారును కొండ ఎక్కించకండి. ఊళ్లో నడపవలసి వస్తే యాక్సిలరేటర్ మీద బరువు తగ్గించి నడపండి.

పీ0300 అంటే ఫలానా సిలిండర్ అని చెప్పలేని మిస్ ఫైర్ (సిలిండర్ మండకుండా తప్పడం, మనం మిస్సింగ్ అనేది ఇదే), పీ0303 అంటే మూడో సిలిండర్. ఈసీయూ ఈ మాటను ప్లగ్గును చూసి చెప్పదు. క్రాంక్‌షాఫ్ట్ తిరిగే వేగాన్ని సెన్సర్‌తో గమనిస్తూ, ఏ సిలిండర్ మండవలసిన సమయంలో తోపు తగ్గిందో లెక్కగట్టి చెబుతుంది. అందువల్ల ఆ కోడ్ మనకు చోటును చూపుతుందే తప్ప కారణాన్ని చూపదు. నిప్పు రవ్వ రాకపోయినా, పెట్రోలు అందకపోయినా, గాలి బిగువు నిలవకపోయినా అదే పీ0303 వస్తుంది. ఆ కోడ్‌ను చూసి ఈసీయూ మార్చమనడానికి నాకు ఆధారం కనిపించడం లేదు.

నాకు తెలియవలసినవి ఇవి. కూలెంట్ తగ్గుతోందా? ఆయిల్ తాగుతోందా? బండి ఎప్పుడైనా గ్యాస్ మీద నడిచిందా? ఆర్‌సీలో ఇంధనం గడి చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా, గ్యారేజీలో కంప్రెషన్ చూసింది చల్లటి ఇంజిన్ మీదా, వేడి ఇంజిన్ మీదా? ప్రతి సిలిండర్‌కూ ఎంత వచ్చిందో అంకెలు రాసిచ్చారా?

మొగిలి_ఘాట్, పలమనేరు

వేడెక్కాక వచ్చి, చల్లారితే పోయే మిస్సింగ్ అంటే నా అనుభవంలో కాయిలే. లోపలి చుట్ట వేడికి సాగి తెగుతుంది, చల్లారితే మళ్లీ కలుసుకుంటుంది. నా కారుకు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇదే జరిగేది, కాయిల్ మార్చాక మళ్లీ రాలేదు. పాత కారుకు కాయిల్ ప్యాక్ ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు వేయవలసిందే కనుక, గ్యారేజీవారి సలహా పాటించడంలో నష్టమేమీ లేదనిపిస్తోంది.

తీగల_లెక్క, చిత్తూరు

మొగిలి గారు చెప్పిన లక్షణం నిజమే, కాయిళ్లు వేడికి అలాగే చెడతాయి. అయితే స్వర్ణముఖి గారి కారులో ఉన్న కాయిల్ ప్యాక్ ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ కేసులో అనుమానం పక్కకు జరుగుతుంది.

ఒకే ప్యాక్, నాలుగు వైర్లు ఉన్న ఈ తరహా ఇంజిన్లలో సాధారణంగా లోపల రెండు కాయిళ్లే ఉంటాయి. ఒకటి 1, 4 సిలిండర్లకు, మరొకటి 2, 3 సిలిండర్లకు. ఒక కాయిల్‌కు రెండు చివరలూ రెండు ప్లగ్గులకు పోతాయి. రెండింటిలోనూ ఒకేసారి రవ్వ పడుతుంది. మండే క్రమం 1-3-4-2 కనుక, మూడో సిలిండర్ మండే వేళకు రెండో సిలిండర్ పొగను బయటికి తోసే దశలో ఉంటుంది, అక్కడ పడే రవ్వ వృథాగా పోతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, 2, 3లకు చెందిన కాయిల్ చుట్ట వేడికి తెగితే రెండో సిలిండర్ కూడా మూడో దానితోపాటే తప్పాలి. పీ0302 రాకుండా పీ0303 ఒక్కటే వస్తోందంటే లోపం ఆ రెండూ పంచుకొనే చోట కాక, మూడో సిలిండర్‌కు మాత్రమే చెందిన చోట ఉండే అవకాశం ఎక్కువ. అంటే మూడో వైరు, మూడో ప్లగ్గు, మూడో ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే భాగం), మూడో సిలిండర్ లోపలి భాగాలు. కాయిల్ మీద మూడో వైరు దిగే గొట్టం దగ్గర మాత్రమే పగులు ఉంటే అది మినహాయింపు. దానిని టార్చి వేసి చూస్తే తెల్లటి లేదా నల్లటి సన్నని గీతగా కనిపిస్తుంది.

వైర్ల సంగతి వేరుగా చెప్పాలి. సిలిండర్‌లో బిగువు పెరిగేకొద్దీ ప్లగ్ గ్యాప్‌లో రవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఘాట్‌లో మూడో గేరులో లాగేటప్పుడు సిలిండర్ నిండా గాలి పడుతుంది కాబట్టి అప్పుడే ఆ అవసరం గరిష్ఠంగా ఉంటుంది. వైరు తొడుగు బలహీనంగా ఉంటే విద్యుత్తు ప్లగ్గు లోపల దూకడానికి బదులు బయటి నుంచి ఇంజిన్ బాడీకి పారిపోతుంది. ఘాట్‌లో కుదుపులకు ఇది సరిపోయే కారణమే కానీ, వేడి ఐడ్లింగ్‌లో అదురుకు అంత చక్కగా సరిపోదు.

కాబట్టి ఏమీ కొనకుండా చేయగల పరీక్ష ఇది. ఇంజిన్ ఆపి, చల్లారాక మూడో ప్లగ్గును ఒకటో సిలిండర్‌కు, ఒకటో దానిని మూడింటికి మార్చండి. మూడో వైరును రెండో వైరుతో మార్చండి. వైరు కాయిల్ చివరనూ, ప్లగ్గు చివరనూ రెండుచోట్లా మార్చాలి, లేకపోతే మారింది ఏదో తేలదు. కోడ్లు చెరిపి, వేడెక్కేదాకా నడిపి, కొత్తగా ఏ కోడ్ వస్తుందో చూడండి. పీ0301 వస్తే ప్లగ్గు, పీ0302 వస్తే వైరు, మళ్లీ పీ0303నే వస్తే ఆ రెండూ కాదు. ఇంజిన్ నడుస్తుండగా వైర్లను చేత్తో పీకి చూసే పాత అలవాటు మాత్రం వద్దు. అందులో వేల వోల్టులు ఉంటాయి, మనిషికీ ఈసీయూకీ రెండింటికీ హాని.

శేషాచలం, తిరుపతి

రెండు సందేహాలు. తిరుమల ఎత్తు వల్ల గాలి పలచబడి ఇలా జరగదా? ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2008 నాటి కారుకు పడకపోవడం వల్ల కావచ్చా? మా వీధిలో చాలామంది పాత కార్ల మిస్సింగ్‌కు దానినే కారణంగా చెబుతున్నారు.

తీగల_లెక్క, చిత్తూరు

శేషాచలం గారూ, తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. ఆ ఎత్తులో గాలి పీడనం తగ్గేది దాదాపు పదో వంతు. ఇంజిన్ బలం ఆ మేరకు తగ్గుతుంది, కానీ మ్యానిఫోల్డ్‌లో పీడనాన్ని కొలిచే సెన్సర్ దానికి తగ్గట్టు పెట్రోలును కూడా తగ్గిస్తుంది. పైగా ఎత్తు నాలుగు సిలిండర్లకూ సమానమే కదా, మూడో దాన్ని ఒక్కదాన్నే ఎంచుకోదు.

ఇథనాల్ విషయంలోనూ తర్కం అదే. ఇథనాల్ పూర్తిగా మండడానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. మామూలు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావలసిన చోట ఈ మిశ్రమానికి 13.5 దాకా సరిపోతుంది, కాబట్టి ఈసీయూ అన్ని ఇంజెక్టర్లనూ కొంచెం ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. పాత రబ్బరు పైపులు, సీళ్లు దానికి తట్టుకోలేకపోవడం, ట్యాంకు అడుగున ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టర్‌కు అడ్డుపడటం నిజంగా ఆలోచించవలసిన విషయాలే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలని కారులో ఇబ్బంది ఇంకా ఎక్కువ. అయితే వీటి ప్రభావం నాలుగు సిలిండర్ల మీదా కనిపించాలి. మడ్డి ఒక్క ఇంజెక్టర్‌లోనే చేరితే మాత్రం ఒక్క సిలిండర్ తప్పవచ్చు. అందుకే ఇంజెక్టర్‌ను కూడా పరీక్షించకుండా వదలకూడదు.

స్వర్ణముఖి, తిరుచానూరు

అందరికీ ధన్యవాదాలు. చెప్పిన ప్రకారం చేశాను.

ఆర్‌సీలో ఇంధనం గడిలో పెట్రోలుతోపాటు ఎల్పీజీ అని ఉంది. అమ్మినవారిని ఫోనులో అడిగితే, చాలా ఏళ్లు గ్యాస్ మీదనే నడిపామని, అమ్మే ముందు కిట్ తీయించామని చెప్పారు. కూలెంట్ తగ్గడం లేదు, ఆయిల్ గుర్తు దగ్గరే నిలుస్తోంది, పొగ రంగులో తేడా లేదు. గ్యారేజీవారు కంప్రెషన్ చూసింది పొద్దున్నే, రాత్రంతా నిలిపి ఉంచిన ఇంజిన్ మీద. అంకెలు రాసి ఉంచలేదు.

ప్లగ్గులు, వైర్లు మార్చి నడిపాను. వేడెక్కాక మళ్లీ పీ0303 వచ్చింది. పీ0301 గాని, పీ0302 గాని రాలేదు. కాయిల్ గొట్టాల మీద పగుళ్లు, గీతలు లేవు. మూడో సిలిండర్ నుంచి తీసిన ప్లగ్గు కొన పొడి మసితో నల్లగా ఉంది, మిగతా మూడూ లేత గోధుమ రంగులో ఉన్నాయి.

స్కానర్‌లో ఇంకొకటి గమనించాను. వేడి ఐడ్లింగ్‌లో ఫ్యుయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోలును పెంచి తగ్గించే సర్దుబాటు) 12 శాతం ఎక్కువ చూపిస్తోంది, అంటే పెట్రోలు చాలడం లేదని ఈసీయూ అనుకుంటోందని ఒక స్నేహితుడు చెప్పాడు. ప్లగ్గు చూస్తే పెట్రోలు ఎక్కువైనట్టు నల్లగా ఉంది. ఈ రెండింటికీ పొంతన కుదరడం లేదు.

తీగల_లెక్క, చిత్తూరు

ఆ రెండింటికీ వైరుధ్యం లేదు, ఒకే సంగతి రెండు వైపుల నుంచి కనిపిస్తోంది. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సర్ కొలిచేది ఆక్సిజన్‌ను మాత్రమే, పెట్రోలును కాదు. ఒక సిలిండర్ మండకుండా తప్పినప్పుడు అందులో ఖర్చు కాని ఆక్సిజన్ అంతా సెన్సర్ ముందు నుంచి పోతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని చెబుతుంది, ఈసీయూ నమ్మి అన్ని సిలిండర్లకూ పెట్రోలు పెంచుతుంది. సరిగా మండని మూడో సిలిండర్‌లో అది మసిగా మారుతుంది. ఈ దశలో ఆ ట్రిమ్ అంకెను చూసి పెట్రోలు పంపునో, సెన్సర్‌నో మార్చినవారిని చాలామందిని చూశాను. మిస్ ఫైర్ పోయాక చూపే ట్రిమ్‌నే నమ్మాలి.

గాలి లీకు ఉందేమోనని కూడా ఒకసారి చూడండి. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌కు మూడో కాలువ దగ్గర గ్యాస్కెట్ ఎండిపోతే, లేదా ఒక వ్యాక్యూమ్ పైపు పగిలితే, ఐడ్లింగ్‌లో అదురు వచ్చి రేసు పెంచినప్పుడు పోతుంది. మీ లక్షణాల్లో సగం దానికి సరిపోతాయి. అయితే కార్బ్ క్లీనర్ కొట్టి చూసే పద్ధతిని వేడి ఇంజిన్ మీద ఇంటి దగ్గర చేయవద్దు. అది మండే ద్రవం, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ పక్కనే ఉంటుంది. సబ్బు నీళ్లు చల్లి ఇంజిన్ చప్పుడు మారుతుందేమో చూడటం మేలు.

కరకంబాడి_రోడ్డు, తిరుపతి

ఈ చర్చ చదివేవారిలో వానల్లో మాత్రమే మిస్సింగ్ వచ్చేవారు ఉంటే వారి కోసం ఒక మాట. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరులో వస్తాయి. నా కారులో ఆ రోజుల్లోనే కుదుపులు వచ్చేవి. ప్లగ్ గుంతలో నీరు నిలిచి, పింగాణీ మీద నల్లటి గీత ఏర్పడింది. చీకట్లో బానెట్ తెరిచి వైర్ల మీద నీటిని మంచులా చల్లితే నీలి రవ్వలు వైరు బయట కనిపించాయి, చేయి పెట్టకుండానే సంగతి తేలింది. అలాగే 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో నీట మునిగిన కార్లు తర్వాత సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చి ఉండవచ్చు కనుక, ఈ ప్రాంతపు పాత కారు కొన్నవారు బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు వచ్చే ఎర్త్ వైరు, ఈసీయూ కనెక్టర్లు పచ్చగా చిలుము పట్టాయేమో చూసుకోవాలి.

పాత_ఆటోనగర్, తిరుపతి

స్వర్ణముఖి గారూ, ఎల్పీజీ అన్న మాట విన్నాక నా అనుమానం ఒకచోటికి వచ్చింది. కానీ ముందే పేరు చెబితే మిగిలిన పరీక్షలను మీరు పైపైన చేస్తారేమోనని ఆపుతున్నాను. ఈ క్రమంలో వెళ్లండి.

ఇంజెక్టర్ మొదట. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఒక్కొక్క ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించి వినండి. నాలుగూ ఒకే రకమైన టిక్కుటిక్కు శబ్దం చేయాలి. ఇంజిన్ ఆపి, కనెక్టర్ తీసి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. ఈ రకం ఇంజెక్టర్లు చాలావరకు 12 నుంచి 16 ఓంల మధ్య చూపుతాయి. ఒకటి మిగతా వాటితో పొసగకపోతే అప్పుడు ఆలోచిద్దాం. ఇంజెక్టర్లను విప్పి మార్చి చూడటం మాత్రం పెట్రోలు ఒత్తిడి తీసేయడం తెలిసినవారి చేతనే చేయించండి.

తర్వాత కంప్రెషన్, ఈసారి వేడి ఇంజిన్ మీద. గ్యారేజీలో చల్లటి ఇంజిన్‌ను చూసి బాగుందన్నారు. మీ లోపం చల్లగా ఉన్నప్పుడు కనిపించనిది కదా, ఆ పరీక్షలో అది ఎలా దొరుకుతుంది? లోపం ఏ స్థితిలో వస్తుందో ఆ స్థితిలోనే కొలవాలి. అల్యూమినియం హెడ్‌లో వేడి మీద బిగిసిన ప్లగ్గును బలంగా తిప్పితే మరలు పోతాయి. అందుకని చల్లగా ఉన్నప్పుడే ప్లగ్గులను ఒకసారి వదులు చేసి, మళ్లీ తేలికగా బిగించి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగేదాకా ఇంజిన్‌ను వేడిచేసి, చేతి తొడుగులు వేసుకొని నాలుగూ విప్పండి. కాయిల్ కనెక్టర్, ఇంజెక్టర్ కనెక్టర్లు పీకేయండి. బ్యాటరీ నిండుగా ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, గేజ్ ముల్లు ఇక పెరగదన్నంత వరకు, అంటే ఐదారు దెబ్బలు, సెల్ఫ్ కొట్టండి. నాలుగింటికీ దెబ్బల లెక్క ఒకటే ఉండాలి. అంకెలు రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి ఇంజిన్ 11 నుంచి 14 బార్ల మధ్య చూపవచ్చు, కానీ అంకె పెద్దదా చిన్నదా అన్నదాని కంటే నాలుగింటి మధ్య తేడా ఎంత అన్నదే ముఖ్యం. పదిహేను శాతం దాటితే ఆ సిలిండర్ చెప్పేది వినాలి.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ప్లగ్ రంధ్రం గుండా ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ముల్లు గట్టిగా పైకి లేస్తే పిస్టన్ రింగులు, బోర్ (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు. ఆయిల్ ఆ సందును తాత్కాలికంగా మూస్తుంది. లేవకపోతే గాలి వాల్వుల దారిలోనో, గ్యాస్కెట్ దారిలోనో పోతోంది. పక్కపక్క సిలిండర్లు రెండూ కలిసి తగ్గితే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

స్వర్ణముఖి, తిరుచానూరు

ఇంజెక్టర్లు నాలుగూ ఒకే చప్పుడు చేస్తున్నాయి, రెసిస్టెన్స్ నాలుగింటిలోనూ 14 ఓంలకు అటూ ఇటూగా ఉంది. మ్యానిఫోల్డ్ దగ్గర సబ్బు నీళ్లు చల్లినా చప్పుడు మారలేదు.

కంప్రెషన్‌ను తెలిసిన మెకానిక్ దగ్గర గేజ్ తెచ్చుకొని ఆయన సాయంతోనే చూశాను. చల్లటి ఇంజిన్ మీద ఒకటి నుంచి నాలుగు వరకు వరుసగా 12.4, 12.2, 11.5, 12.3 బార్లు. వేడి ఇంజిన్ మీద 12.6, 12.4, 7.2, 12.5. మూడో దానిలో ఆయిల్ పోసి చూస్తే 7.5 దగ్గర ఆగింది.

పాత_ఆటోనగర్, తిరుపతి

ఇక చెప్పవచ్చు. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు వేడెక్కాక పూర్తిగా మూసుకోవడం లేదు. ఆయిల్‌కు లేవలేదు కనుక రింగులు కావు. పక్కనున్న 2, 4 బాగున్నాయి, కూలెంట్ తగ్గడం లేదు కనుక గ్యాస్కెట్ అయ్యే అవకాశం తక్కువ. వేడికీ చలికీ మధ్య నాలుగు బార్లకు పైగా తేడా రావడం వాల్వు క్లియరెన్స్ (వాల్వు కాడకూ, దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఉండవలసిన సందు) పోయినప్పటి లక్షణం.

ఎల్పీజీ మీద ఏళ్ల తరబడి నడిచిన పాత ఇంజిన్లలో ఇది తరచుగా చూస్తాం. గ్యాస్ ఇంజిన్‌లోకి ఆవిరిగానే పోతుంది, ద్రవ పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు ఇచ్చే చల్లదనం అందులో లేదు. గ్యాస్ కోసం గట్టిపరచని వాల్వు సీట్లు (మూసుకున్నప్పుడు వాల్వు ఆనే అంచులు) ఆ పొడి వేడికి క్రమంగా అరుగుతాయి. సీటు అరిగినకొద్దీ వాల్వు హెడ్‌లోపలికి దిగుతుంది, దాని కాడ అంతమేరకు పైకి జరిగి రాకర్‌కు దగ్గరవుతుంది. అంటే అరుగుదల వల్ల సందు పెరగడానికి బదులు తగ్గుతుంది, అందుకే టాపెట్ శబ్దం (సందు పెరిగితే వచ్చే టకటక) రాదు. శబ్దం లేదు కాబట్టి టాపెట్లు బాగున్నాయని అనుకోవడం వల్లనే ఈ లోపం చాలా గ్యారేజీల్లో దొరక్కుండా పోతుంది. చల్లగా ఉన్నప్పుడు మిగిలిన కాస్త సందులో వాల్వు ఎలాగో మూసుకుంటుంది. వేడెక్కాక కాడ పొడుగు పెరిగి రాకర్‌కు తగిలి, వాల్వు సీటు మీద కూర్చోలేకపోతుంది. ఐడ్లింగ్‌లో ఒక్కొక్క దెబ్బకు సమయం ఎక్కువ కాబట్టి గాలి కారడానికి వీలు ఎక్కువ. రేసు పెరిగితే కారేంత వ్యవధి ఉండదు. మీరు మొదట రాసిన ప్రతి లక్షణానికీ ఇది సరిపోతుంది.

మీ ఇంజిన్‌లో ఈ సందును స్క్రూతో సరిచేసే టాపెట్లు ఉన్నాయో, తమంతట తామే సర్దుకొనే హైడ్రాలిక్ టాపెట్లు ఉన్నాయో మాన్యువల్‌లో చూడండి. స్క్రూలు ఉంటే వాల్వ్ కవర్ తీసి, రాత్రంతా నిలిపిన చల్లటి ఇంజిన్ మీద ఫీలర్ గేజ్ అనే కొలత రేకులతో ఎన్ని వాల్వులుంటే అన్నీ కొలిపించి, సరిచేయక ముందే అంకెలు రాసుకోండి. సరిచేశాక రాసుకొనేవి వేరు. పాత అంకెలే సీటు ఎంత అరిగిందో చెబుతాయి.

మొగిలి_ఘాట్, పలమనేరు

అన్నా, వాల్వు అంత చెడినప్పుడు టాపెట్ సెట్టింగ్‌తో సరిపెట్టడం కంటే హెడ్ దింపి వాల్వులు రుద్దించి, సీట్లు వేయించడమే మేలు కదా? మళ్లీ రెండోసారి కూలి ఎందుకు?

పాత_ఆటోనగర్, తిరుపతి

హెడ్ దింపితే గ్యాస్కెట్, కొన్ని ఇంజిన్లలో హెడ్ బోల్టులు, టైమింగ్ బెల్టో చైనో, కూలెంట్, మెషిన్ షాపు పని అన్నీ వస్తాయి. వాల్వు అంచు ఇంకా కాలకపోతే సందు ఇచ్చినంత మాత్రాన అది సీటు మీద కూర్చుంటుంది, వేడిని సీటుకు వదులుతుంది, నిలుస్తుంది. అంచు అప్పటికే కాలి తునిగితే సందు ఇచ్చినా కంప్రెషన్ తిరిగి రాదు. అప్పుడు హెడ్ దింపవలసిందే. ఏది జరిగిందో సెట్టింగ్ తర్వాత తీసే వేడి కంప్రెషనే చెబుతుంది. ఒక వాల్వ్ కవర్ గ్యాస్కెట్ ఖర్చుతో ఆ జవాబు దొరుకుతున్నప్పుడు ముందే హెడ్ దింపమని నేను చెప్పను. అయితే ఈ స్థితిలో కారును ఇంకా నడుపుతూ పోతే అంచు కాలడం ఖాయం, కాబట్టి ఆలస్యం మాత్రం చేయకూడదు.

స్వర్ణముఖి, తిరుచానూరు

కవర్ తీయించి కొలిపించాను. మాది స్క్రూ టాపెట్ల ఇంజినే. మాన్యువల్ ప్రకారం చల్లటి ఇంజిన్ మీద ఎగ్జాస్ట్‌కు 0.30 మిల్లీమీటర్లు ఉండాలి. ఒకటో సిలిండర్‌కు 0.23, రెండింటికి 0.21, నాలుగింటికి 0.22 వచ్చాయి. మూడో దానిలో 0.05 రేకు కూడా దూరలేదు. ఇన్‌టేక్ వాల్వుల సందులు చెప్పుకోదగ్గంతగా మారలేదు.

ప్రతి సిలిండర్‌నూ కంప్రెషన్ దశలో పైకి తెచ్చి, పుల్లీ గుర్తు చూసి, రేకు కొద్దిగా పట్టుతో కదిలేలా మాన్యువల్ ప్రకారం సరిచేశారు. కొత్త కవర్ గ్యాస్కెట్ వేశారు. వేడి ఇంజిన్ మీద కంప్రెషన్ ఇప్పుడు 12.6, 12.5, 11.3, 12.5. కోడ్లు చెరిపి ఊళ్లో, రేణిగుంట రోడ్డులో నడిపాను. ఐడ్లింగ్‌లో అదురు లేదు, ఫ్యుయల్ ట్రిమ్ 3 శాతానికి దిగింది. ఆ తర్వాత రెండో ఘాట్‌లో కొండ ఎక్కి, మొదటి ఘాట్‌లో దిగాను. అదే మూడో గేరులో లాగినా కుదుపు రాలేదు, లైటు వెలగలేదు, స్కానర్‌లో కోడ్ లేదు. కాయిల్ ప్యాక్ పాతదే, ఈసీయూ పాతదే. మీ అందరికీ నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఇంకొక్కటి అడగాలి. మూడో సిలిండర్ మిగతా వాటి కంటే ఒక బారుకు పైగా తక్కువే ఉంది. దీన్ని ఎంత కాలానికి ఒకసారి చూసుకోవాలి?

పాత_ఆటోనగర్, తిరుపతి

తేడా దాదాపు పది శాతమే ఉంది, ఇప్పటికి ఫరవాలేదు. వాల్వు సీటు మీద కొత్తగా కుదురుకోవడానికి కొంత సమయం పడుతుంది. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఒకసారి, అప్పుడు సందు నిలిచి ఉంటే ఐదువేల తర్వాత ఇంకొకసారి కవర్ తీసి ఆ మూడో ఎగ్జాస్ట్ సందును కొలిపించండి. 0.30 నిలిచి ఉంటే గ్యాస్ తీసేశాక అరుగుదల ఆగినట్టే, తర్వాత మామూలు సర్వీసుతోపాటు చూస్తే చాలు. మళ్లీ 0.20 లోపలికి దిగితే మాత్రం ఆ హెడ్‌కు గట్టి సీట్లు వేయించే పనికి సిద్ధం కండి, అంతదాకా కొండ ఎక్కించవద్దు. వెయ్యి కిలోమీటర్ల అంకెలు వచ్చినప్పుడు ఇక్కడే రాయండి. కవర్ తీసిన ప్రతిసారీ ప్లగ్ గుంతల్లోకి ఆయిల్ కారుతోందేమో కూడా చూడండి, అది వైరు బూట్లను మెత్తబరిచి ఇంకో మిస్సింగ్ తెస్తుంది.